గుండీలు పెట్టుకోలేకపోతుంటే మెడనొప్పి మందు చాలదమ్మా

లీడ్స్
జనవరి 18

అమ్మా,

ఇక్కడ అందరం బాగున్నాం. ఆసుపత్రిలో పని మామూలే. పాపకి జలుబు తగ్గింది. నువ్వు పంపిన గోంగూర పచ్చడి నిన్న అందింది, మూత దగ్గర కాస్త నూనె కారింది గానీ పచ్చడి పాడవలేదు.

నాన్నకి ఫోన్లో చెప్పబోతే "సరేలేమ్మా" అని ఫోను నీ చేతికిచ్చేస్తున్నాడు. అందుకే రాస్తున్నా. నువ్వొకసారి చదువుకుని నాన్నకి వినిపించు. తమ్ముడొస్తే వాడి చేతికియ్యి.

ఎక్స్‌రేలో మెడపూసలు అరిగాయన్నారని చెప్పావు. అరవై దాటిన వాళ్లలో ఎవరికి తీసినా దాదాపు అదే కనపడుతుంది. మెడలో ఉండేవి 7 పూసలు. వాటి మధ్య మెత్తల్లా ఉండే డిస్కుల్లో వయసుతోపాటు నీరు తగ్గి పలచబడతాయి, పూసల అంచున ఎముక ములుకుల్లా పెరుగుతుంది, పూసల్ని కట్టి ఉంచే పట్టీలు మందమై లోపలికి ముడత పడతాయి. చాలామందికి దీనివల్ల ఏ బాధా ఉండదు. ఆ మాటకి నేను కంగారు పడలేదు. చివర్లో నువ్వు మామూలుగా అన్నావే, "ఈమధ్య చొక్కా గుండీలు నేనే పెడుతున్నా" అని, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. నలభై ఏళ్లు మిషను తొక్కిన మనిషి సూదిలో దారం ఎక్కించలేకపోతుంటే కళ్లజోడు మార్పిస్తే సరిపోదమ్మా.

మెడ అరుగుదల రెండు రకాలుగా బాధ పెడుతుంది. పక్కనుంచి చేతికి వెళ్లే నరం నొక్కుకుంటే ఒక చెయ్యి జివ్వున లాగుతుంది, బొటనవేలో నడిమివేలో తిమ్మిరెక్కుతుంది. నొప్పి భరించలేనట్టుంటుంది, కానీ ఎక్కువమందికి మందులతో, వ్యాయామంతో 6 నుంచి 12 వారాల్లో సర్దుకుంటుంది. రెండోది, నడిమధ్యలో ఉన్న వెన్నుపామే నొక్కుకుపోవడం. ఇందులో నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు, అందుకే జనం ఏళ్ల తరబడి పట్టించుకోరు. రెండు చేతులూ మొద్దుబారతాయి, గ్లాసు జారిపోతుంది, జేబులో చిల్లర వేళ్లకి తెలియదు, సంతకం మారిపోతుంది. దూది మీద నడిచినట్టుంటుంది, చీకట్లో గోడ పట్టుకోవాల్సొస్తుంది. మూత్రానికి ఆగలేరు. తల వంచితే వీపులోంచి కరెంటు పాకినట్టుంటుంది. వీటిలో నాన్నకి ఎన్ని ఉన్నాయో విడిగా అడుగు. నీ ముందు కొన్ని దాస్తాడు.

ఇదంతా షుగరు తిమ్మిరే అంటున్నాడట. షుగరు తిమ్మిరి ముందు పాదాల్లో మొదలై పైకొస్తుంది, చేతులు తర్వాత. నాన్నకి చేతులే ముందు పోయాయి కదా. అయితే ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వేసుకునేవాళ్లలో బి12 విటమిన్ తగ్గొచ్చు, అది తగ్గినా తిమ్మిరి, తూలు వస్తాయి. రక్తపరీక్షలో బి12 కూడా రాయించండి. అదొక్కటే చూసి ఆగిపోవద్దు.

ఇంట్లో ఒక పని చెయ్యి. గడియారం పెట్టుకుని, 10 సెకన్లలో పిడికిలి పూర్తిగా మూసి పూర్తిగా తెరవడం ఎన్నిసార్లు చేస్తాడో లెక్కపెట్టు. 20కి తగ్గకూడదు. ఏ చేతికి ఎన్నో తేదీతో సహా రాసిపెట్టు. తర్వాత అరచేతులు కిందికి పెట్టి, వేళ్లు దగ్గరగా చేర్చి చేతులు చాపమను. అర నిమిషంలోపు చిటికెనవేలు తనంతట తనే పక్కకి జారిపోతే అది వెన్నుపాము సంగతే అనుకోవచ్చు. డాక్టరుకి ఆ కాగితం చూపిస్తే మనం నోటితో చెప్పేదానికంటే బాగా పనికొస్తుంది.

అలిపిరి నుంచి నడిచి ఎక్కుతానని మొక్కుకున్నాడని తమ్ముడు చెప్పాడు. ఈ స్థితిలో 3,550 మెట్లు వద్దేవద్దు. స్వామికి మన ఇబ్బంది తెలుసు. దర్శనానికి బస్సులో వెళ్లి రావచ్చు, అదీ డాక్టరు సరేనన్నాక.

గుంటూరు పెద్దాసుపత్రిలో గానీ, ఇంకెక్కడైనా గానీ, న్యూరోసర్జన్‌కో వెన్నెముక ఆపరేషన్లు చేసే ఎముకల డాక్టరుకో చూపించండి. ఎమ్మారై మెడకి తియ్యాలి. కాళ్లు తూలుతున్నాయంటే చాలాచోట్ల నడుముకి తీస్తారు, అక్కడా ఏదో ఒక అరుగుదల దొరుకుతుంది, ఇక మెడ జోలికి పోరు. ఇలా కాలం పోగొట్టుకున్న వాళ్లు ఎందరో. రిపోర్టు కాగితంతో పాటు సీడీ కూడా అడిగి తెచ్చుకోండి. డాక్టరుని రెండే అడగమను: వెన్నుపాము నొక్కుకుపోయిందా, వెన్నుపాములో తెల్లమచ్చ (దెబ్బతిన్న గుర్తు) ఉందా.

జబ్బు ఎంత ముదిరిందో 18 మార్కుల లెక్కతో చూస్తారు. 15 నుంచి 17 వస్తే స్వల్పం, 12 నుంచి 14 మధ్యస్థం, 11, అంతకంటే తక్కువైతే తీవ్రం. 2017లో వచ్చిన అంతర్జాతీయ సూచనల్లో మధ్యస్థానికీ తీవ్రానికీ ఆపరేషనే చెప్పారు. స్వల్పమైతే ఆపరేషన్ చేయించుకోవచ్చు, లేదా ఫిజియో పర్యవేక్షణలో ఉంటూ కనిపెట్టుకుని ఉండొచ్చు, పెరుగుతున్నట్టనిపిస్తే ఇక ఆపరేషనే.

ఆపరేషన్ అనగానే "కాళ్లు పడిపోతాయి" అంటాడు, నాకు తెలుసు. ప్రమాదం అసలు లేదని అబద్ధం చెప్పను. ముందునుంచి చేసేదాంట్లో నొక్కుతున్న డిస్కు తీసి, ఆ ఖాళీలో ఎముకో చిన్న పంజరం లాంటిదో పెట్టి ప్లేటు బిగిస్తారు. కొన్నాళ్లు గొంతు బొంగురుపోతుంది, మింగడం కష్టమవుతుంది. వెనకనుంచి చేస్తే వెన్నుపాముకి చోటు పెంచుతారు. కొద్దిమందికి భుజం ఎత్తడం కొన్ని నెలలు కష్టమవుతుంది. ఆపరేషన్ ముఖ్యంగా చేసేది జబ్బు ఇంకా ముందుకి పోకుండా ఆపడం. పోయిన పట్టు కొంత తిరిగొస్తుంది, అందులో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే. ఎంత ఆలస్యమైతే తిరిగొచ్చేది అంత తక్కువ. అందుకే తొందరపెడుతున్నాను, దూరాన కూర్చుని పెత్తనం చెయ్యడానికి కాదమ్మా. చుట్ట ఈరోజే మానెయ్యాలి, పొగ తాగితే ఎముక సరిగ్గా అతుక్కోకపోవచ్చు.

క్షవరం చేశాక మెడ విరిపించుకోవడం ఇక బంద్. మెడకి బరువులు కట్టించుకోవడం, ఎమ్మారై చూసేదాకా వద్దు. కాలర్ రోజంతా వేసుకుంటే కండరాలు బలం తప్పుతాయి, నొప్పి ఎక్కువున్న రెండు మూడు రోజులకి చాలు. ఒకటే తలగడ, మెడ కింద ఖాళీ లేకుండా. బియ్యం బస్తా తమ్ముడు మోస్తాడు. తల వెనక్కి వాల్చితే వెన్నుపాముకి ఉన్న చోటు ఇంకా ఇరుకైపోతుంది, కాబట్టి బల్బులు మార్చడం, అటక మీద వెతకడం నాన్న చెయ్యకూడదు. ఈ జబ్బులో బోర్లా పడి గడ్డానికి దెబ్బ తగిలితే చాలు, ఒక్క క్షణంలో చేతులు చచ్చుబడొచ్చు. బాత్రూంలో జారని పట్టా వెయ్యండి, రాత్రి లైటు ఉంచండి.

ఒకవేళ పడితే చేతులు పట్టుకుని లేపొద్దు. తల కదలకుండా పట్టుకుని 108కి ఫోన్ చెయ్యండి. మూత్రం ఆగిపోయినా, కాళ్లు హఠాత్తుగా బరువెక్కినా తెల్లారేదాకా ఆగకండి.

పంటి డాక్టరు దగ్గరకెళ్లినా, ఏ ఆపరేషన్‌కి మత్తు ఇస్తున్నా మెడ సంగతి ముందే చెప్పాలి. ఇది కాగితం మీద రాసి నాన్న పర్సులో పెట్టు.

డబ్బుల గురించి ఆలోచించొద్దు. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు) కార్డు తీసుకెళ్లి, ఈ ఆపరేషన్ అందులో వస్తుందో లేదో ఆసుపత్రి కౌంటర్లో అడగమను. ఎమ్మారైకి నేను రేపే పంపుతున్నా.

పిడికిలి లెక్క చూడగానే నాకు మెసేజ్ పెట్టు. మీకు పొద్దున ఆరైతే నాకు అర్ధరాత్రి దాటి అరగంట. అయినా మేలుకునే ఉంటాను.

నీ
పెద్దమ్మాయి