బావా, మీ వాడి కాలిక్యులస్ సంగతి

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూడగానే ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, ఇది ఫోన్లో తేలే విషయం కాదని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముందుగా, మీరు మా ఒహాయో రాష్ట్రానికి, కొలంబస్‌కి వచ్చేస్తున్నారంటే ఇంట్లో అందరికీ ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. ఇల్లు దొరికేదాకా మా ఇంట్లోనే దిగాలి. మొహమాటాలేం పెట్టుకోవద్దని చెల్లెమ్మకి కూడా చెప్పు.

ఇక మీ వాడి సంగతి. పదకొండో తరగతిలో కాలేజీ కాలిక్యులస్ ఆన్‌లైన్‌లో తీసుకోమందామా, లేక స్కూల్లోనే కాలేజీ స్థాయిలో చెప్పే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) క్లాసు నయమా అని కదా అడిగావు. మా అమ్మాయి పోయినేడాది ఈ కోర్సే చేసింది, నేను పక్కనుండి అంతా చూశాను. నా మాట ఏమిటంటే, తీసుకోమను. కాకపోతే కాలేజీ అప్లికేషన్లో బాగా కనబడుతుందన్న ఆశతో మాత్రం వద్దురా. లెక్క అలా ఎందుకు వస్తుందో తెలుసుకోకపోతే తోచని పిల్లాడైతేనే ఈ కోర్సు వాడికి పనికొస్తుంది.

ఎందుకంటున్నానో ఒక్క లెక్కతో చెప్తాను. సైన్ ఎక్స్ బై ఎక్స్, ఎక్స్ సున్నాకి దగ్గరవుతుంటే లిమిట్ ఎంత? ఇంటర్లో మనం చూసీచూడగానే ఒకటి అని రాసి తర్వాతి లెక్కకి పోయేవాళ్లం. ఎంసెట్‌కి అంతకన్నా అక్కర్లేదు కూడా. మా అమ్మాయి ఎల్ హాస్పిటల్ రూల్ వేసి, పైనా కిందా డెరివేటివ్ తీసి, ఒకటి అని తేల్చింది. కాగితం మీద చేసి, ఫోన్‌తో స్కాన్ తీసి అప్‌లోడ్ చేసింది. జవాబు సరిగ్గానే ఉంది, మార్కులు మాత్రం సగమే వచ్చాయి. పక్కన ప్రొఫెసర్ గారు రాసిన ప్రశ్న ఇది: సైన్ డెరివేటివ్ కొసైన్ అని నీకెలా తెలుసు? దాన్ని రుజువు చెయ్యాలంటే ముందు ఈ లిమిటే కావాలి కదా?

ఆ రాత్రి అది ఒక వృత్తం గీసుకుని కూర్చుంది. వ్యాసార్ధం ఒకటి. కోణం థీటాకి లోపల ఒక త్రిభుజం, దాన్ని కలుపుకుని సెక్టారు (వృత్తంలోంచి కోసిన ముక్క), ఆ రెంటినీ కప్పుతూ బయట పెద్ద త్రిభుజం. వైశాల్యాలు వరసగా సైన్ థీటాలో సగం, థీటాలో సగం, టాన్ థీటాలో సగం. ఏది చిన్నదో ఏది పెద్దదో బొమ్మలోనే కనబడుతోంది. అక్కణ్ణుంచి రెండు లైన్లు సర్దితే, సైన్ థీటా బై థీటా వచ్చి కొసైన్ థీటాకీ ఒకటికీ మధ్య ఇరుక్కుంటుంది. థీటా సున్నాకి పోతుంటే కొసైన్ ఒకటికి పోతుంది, ఇక మధ్యలో ఉన్నదానికి వేరే దారేదీ లేదు. అయిపోయిందనుకుని నేను లేవబోతుంటే అడిగింది, "నాన్నా, ఇదే డిగ్రీల్లో కొలిస్తే?" అని. అప్పుడు సెక్టారు వైశాల్యం మారి, లిమిట్ π బై 180 అవుతుంది. ఆ π బై 180 సైన్, కొసైన్ల ప్రతి డెరివేటివ్‌కీ తోకలా తగులుకుంటుంది. కాలిక్యులస్ మొత్తం రేడియన్లలోనే ఎందుకు నడుస్తుందో ఆ ప్రశ్నతో తేలిపోయింది. ఈ కోర్సు మంచిదని నేను గట్టిగా నమ్మింది ఆ రాత్రేరా.

రూల్స్ సంగతి చెప్పాలి. స్కూల్లో ఉండగానే కాలేజీ కోర్సు చెయ్యడాన్ని ఒహాయోలో కాలేజ్ క్రెడిట్ ప్లస్ అంటారు, 2015లో మొదలైంది. ఏడు నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లలు చేరొచ్చు. పబ్లిక్ స్కూలు పిల్లలు పబ్లిక్ కాలేజీలో చేస్తే ఫీజు, పుస్తకాల ఖర్చు మన మీద పడవు. కానీ గ్రేడు స్కూలు ట్రాన్‌స్క్రిప్టులోనూ, కాలేజీ ట్రాన్‌స్క్రిప్టులోనూ రెండిట్లోనూ ఎక్కుతుంది, తర్వాత చెరిగేది కాదు. ఫెయిలైతే ఆ ఖర్చు కట్టమని స్కూల్ డిస్ట్రిక్ట్ అడగొచ్చు. ఏపీ అయితే ఏడాదంతా చదివి మే నెలలో ఒక్క పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు. క్రెడిట్ విషయానికొస్తే, ఒహాయో పబ్లిక్ యూనివర్సిటీల మధ్య కాలిక్యులస్ వన్ బదిలీకి ఇబ్బంది ఉండదు. బయటి రాష్ట్రాలవాళ్లూ, ప్రైవేటువాళ్లూ ఎవరి లెక్క వారిది, ముందే అడిగి తెలుసుకోవాలి.

వేగం గురించి వాడితో నువ్వే మాట్లాడు. స్కూలు ఏడాది పొడుగునా చెప్పేదాంట్లో చాలా భాగం కాలేజీలో ఒక్క సెమిస్టర్లో, పదిహేను వారాల్లో అయిపోతుంది. ఒక వారం జ్వరం వచ్చి పడుకున్నా మళ్లీ అందుకోవడం కష్టం. పైగా వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. చేతిలో పెన్ను పట్టుకుని, మాస్టారు లెక్క మొదలుపెట్టగానే వీడియో ఆపి, తను చేశాకే మిగతాది చూడాలి. ఈ అలవాటు పడ్డాకే మా అమ్మాయి కుదుటపడింది. అర్థంకానిది ఆ వారమే, ప్రొఫెసర్ సందేహాలు తీర్చే జూమ్ ఆఫీస్ అవర్స్‌లో అడిగెయ్యాలి. అడగడానికి మొహమాటపడే పిల్లలకి ఆన్‌లైన్లో అన్యాయం జరిగిపోతుంది, ఎందుకంటే వాళ్ల మొహం చూసి పోల్చుకునేవాళ్లు అక్కడుండరు.

ఇంకోటి. పిల్లలకి చైన్ రూల్ లాంటి కాలిక్యులస్ సూత్రాలు తొందరగానే పట్టుబడతాయి. మార్కులు పోయేదంతా భిన్నాల దగ్గర, ఘాతాంకాల దగ్గర, ట్రిగ్ ఐడెంటిటీల దగ్గర. హోంవర్క్ జవాబులు కంప్యూటర్లో టైప్ చేసేటప్పుడు ఒకటి బై రెండు ఎక్స్ అని బ్రాకెట్ లేకుండా కొడితే, అది చాలాసార్లు సగం ఎక్స్ అనుకుని తప్పు వేస్తుంది. పరీక్షలకి వెబ్‌క్యామ్ పెట్టి గదంతా, బల్లంతా చూపించమంటారు. ఆ రెండు గంటలూ చిన్నవాణ్ణి ఆ గది ఛాయలకి రానివ్వకుండా మీ చెల్లెలు కాపలా ఉండేది. మొదటి పరీక్షకి టెన్షన్ పడ్డారు గానీ, తర్వాత ఇద్దరికీ అలవాటైపోయింది.

నువ్విప్పుడు చెయ్యాల్సింది చెప్తా. ఈ వేసవిలో ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో డేవిడ్ జెరిసన్ చెప్పిన సింగిల్ వేరియబుల్ కాలిక్యులస్ పాఠాలు మొదటి నాలుగైదు వాడిని చూడమను, ఉచితమే. ఒహాయో స్టేట్ వాళ్ల మూక్యులస్ పుస్తకం కూడా నెట్లో ఉచితంగానే దొరుకుతుంది, అందులో లిమిట్ల అధ్యాయం చేయించు. నువ్వు పోరకుండానే వాడంతట వాడు తర్వాతి పాఠం తెరిస్తే, కాలేజీవాళ్లు స్థాయి చూసే ప్లేస్‌మెంట్ టెస్టుకి కూర్చోబెట్టు. ఆల్జీబ్రా తడబడుతుంటే ఈ ఏడాది ప్రీకాలిక్యులస్ గట్టిగా చెయ్యనీ, పన్నెండులో తీసుకోవచ్చు, కొంపలేం మునిగిపోవు.

ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఖాళీగానే ఉంటుంది. మీ వాణ్ణి దానికి ఫోన్ చెయ్యమను. మనం చెప్పేదానికన్నా దాని మాట బాగా వింటాడు. ట్రక్కు ఏ రోజుకి బుక్ చేశారో రాయి, ఆ రోజు సెలవు పెడతాను.

నీ
బావ