యాదీ, రెండు గుట్టలొచ్చాయిరా!

అరేయ్ యాదీ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకోకు. అమ్మ మోకాళ్ళు ఇప్పుడు కొంచెం నయం. చెల్లికి దేవరకొండ సంబంధం మాటల్లో ఉంది. మీ బత్తాయి తోట సంగతి తర్వాత. ముందు ఇది విను, కడుపులో ఆగట్లేదు.

మండపం తీరం నుంచి తెప్పించిన సర్గాసం నాచు గుర్తుందా, రూమంతా చేపల వాసనని నువ్వు లొల్లి పెట్టింది? ఆ సముద్రపు నాచులోంచి పొడుగు గొలుసుల్లాంటి చక్కెరలు విడివిడిగా వచ్చాయిరా! ఆల్జినేట్, లామినారిన్, ఫ్యూకోయిడాన్, అన్నీ కలగాపులగంగా ఉంటాయి అందులో. నాకు కావలసింది ఫ్యూకోయిడాన్. 1913లోనే కైలిన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త దాన్ని కనిపెట్టినా, శుభ్రంగా తీయడం ఇప్పటికీ తలనొప్పే.

ముందు పొడిని ఆల్కహాల్‌లో నానబెట్టి రంగు, మానిటాల్ లాంటి చిన్న చక్కెర పదార్థాలు వదిలించా. తర్వాత వేడినీళ్ళలో కాచి వడగట్టి కాల్షియం క్లోరైడ్ పోశా. ఆల్జినేట్ జిగటగా గడ్డకట్టి అడుగుకు దిగింది. పైతేటలో చల్లటి ఆల్కహాల్ పోయగానే, పాలు విరిగినట్టు తెల్లటి పోగులు! వాటిని నీళ్ళలో కరిగించి డయాలిసిస్ సంచిలో, అంటే సన్న రంధ్రాల పొర సంచిలో, కట్టి డిస్టిల్డ్ వాటర్‌లో వేశా. ఉప్పు బయటికి పోతుంది, పొడుగు గొలుసులు సంచిలోనే ఉంటాయి.

అసలు టెన్షన్ కాలమ్ దగ్గర, అదే చక్కెరల్ని విడదీసే నిలువు గొట్టం. అందులో నింపిన డీఈఏఈ సెల్యులోజ్ అనే పదార్థానికి పాజిటివ్ చార్జ్. ఫ్యూకోయిడాన్‌లో సల్ఫేట్ ఉంటుంది కాబట్టి దానిది నెగటివ్, గట్టిగా పట్టుకుంటుంది. చార్జే లేని లామినారిన్ మాత్రం ఆగకుండా నీళ్ళతోనే దిగిపోవాలి. ఆ తర్వాత ఫ్యూకోయిడాన్ పట్టు వదిలేలా ఉప్పునీళ్ళ గాఢత పెంచుకుంటూ పోవాలి. ఒక్కో బొట్టూ ట్యూబుల్లోకి దిగుతుంటే లేవబుద్ధి కాలేదురా, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నా.

రాత్రి ట్యూబులన్నిటిలో ఫినాల్ వేసి, సల్ఫ్యూరిక్ ఆసిడ్ పోశా, చక్కెర ఉంటే రంగొస్తుంది. గ్లవ్స్ లోంచి కూడా గాజు కాలుతోంది. మొదటి ట్యూబుల్లో ఏమీ లేదు. తర్వాత లేత పసుపు, ముదురు పసుపు, మళ్ళీ ఖాళీ. అక్కడ గుండె ఆగినంత పనైంది. ఉప్పు పెంచిన ట్యూబుల దగ్గరికొచ్చేసరికి నారింజ రంగు ముదురుతూ పోయిందిరా! 490 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు ఎంత ముదురుందో రీడింగులు తీసి గ్రాఫ్ గీస్తే రెండు గుట్టలు, మొదటిది లామినారిన్‌ది, రెండోది ఫ్యూకోయిడాన్‌ది, మధ్యలో చక్కటి లోయ. ఇవి విడిపోతాయని గడియారం సెంటర్‌లో నీతో కాసిన పందెం నాదే, మర్చిపోకు!

రెండో గుట్టది కొంచెం హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ఉడికించి బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లగా దిగింది. సల్ఫేట్ ఉన్నట్టే. కానీ ఆల్జినేట్ గొలుసులో ఉండే యురోనిక్ ఆసిడ్ ఉందేమో ఇంకా చూడాలి, ఆల్జినేట్ పిసరంత మిగిలినా... సరే, అది వచ్చే ఉత్తరంలో. మా సార్ గ్రాఫ్ చూసి ఏమీ అనకుండా నా భుజం మీద చెయ్యేశారు. నీకు తెలుసుగా, ఆయన ఎవరినీ ఊరికే మెచ్చుకోరు.

గడ్డకట్టించి ఆరబెట్టే ఫ్రీజ్ డ్రయర్ దగ్గర నా వంతు వచ్చిందని పిలుస్తున్నారు, పోవాలి. బత్తాయి రేటు ఎంత పలికిందో రాయి,

నీ సత్తి