అవశేషాలు లేనంత మాత్రాన ముప్పు తప్పినట్లేనా?

సంపాదకులకు,

అయ్యా,

పాలలో, మాంసంలో యాంటీబయాటిక్ అవశేషాల గురించి చర్చ వచ్చినప్పుడల్లా, పశువుకు మందు ఆపిన తరువాత నిర్ణీత గడువు దాకా పాలు, మాంసం వాడకుండా ఉంటే ఇక భయం లేదన్న మాట వినిపిస్తూ ఉంటుంది. ఆ గడువు అవసరమే, కాదనను. కానీ గడువు ముగిసేసరికి పశువు ఒంట్లోంచి పోయేది మందు మాత్రమే. ఆ మందును తట్టుకుని బతికిన బాక్టీరియా దాని పేగుల్లోనే ఉండి, పేడతో పొలానికీ, మురుగుతో చెరువుకూ, పనివారి చేతులకూ చేరుతుంది. మాంసాన్ని బాగా ఉడికిస్తే బాక్టీరియా చస్తుందంటారు, నిజమే, పేడనెవరు ఉడికిస్తారు?

వేల కోళ్లున్న షెడ్డులో కొన్ని జబ్బుపడితే మందును తాగే నీటిలో కలిపి అన్నిటికీ పెడతారు. నీరసించిన కోడి సరిగా తాగదు కనుక దానికి మోతాదు చాలదు. ఆరోగ్యంగా ఉన్నవేమో కడుపునిండా తాగుతాయి. అయినా అక్కడ జబ్బంటూ ఒకటి ఉంది. ఏ జబ్బూ లేకుండా, త్వరగా బరువు పెరగాలని రోజూ దాణాలో కొద్దికొద్దిగా కలపడాన్ని మాత్రం ఏ విధంగానూ సమర్థించలేము. బాక్టీరియాను పూర్తిగా చంపలేని ఆ మోతాదు, లొంగనివాటిని ఏరి పెంచడానికి మాత్రం సరిగ్గా సరిపోతుంది.

మనుషులకు చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువుల దాణాలో వాడినప్పుడు జరిగింది ఇదే. దానికి లొంగని గుణాన్నిచ్చే ఎంసీఆర్-1 జన్యువును చైనాలో పందులలోనూ, పచ్చి మాంసంలోనూ, రోగులలోనూ కనుగొన్నట్లు 2015లో వెల్లడైంది. అది ప్లాస్మిడ్ మీద, అంటే బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ ముక్క మీద, ఉండటం వల్ల ఒక బాక్టీరియా నుంచి వేరొక జాతి బాక్టీరియాకు సైతం సులువుగా దాటిపోగలదు.

పెరుగుదల కోసం యాంటీబయాటిక్స్ వాడటాన్ని స్వీడన్ 1986లోనే నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2006 నుంచి పూర్తిగా ఆపించింది. నిషేధంతోనే అంతా చక్కబడదు. డెన్మార్క్‌లో ఆ వాడకం ఆపిన తరువాత, తల్లిపాలు మాన్పించిన పంది పిల్లలలో విరేచనాలు పెరిగి కొంతకాలం చికిత్స మందులు ఎక్కువ వాడవలసి వచ్చింది. అందుచేత టీకాలు, గాలీ వెలుతురూ ఉన్న పాకలు, పిల్లలను తొందరపడి తల్లి నుంచి వేరు చేయకపోవడం వంటివి నిషేధంతో పాటే రావాలి. నార్వేలో పెంపకపు సాల్మన్ చేపలకు టీకాలు వచ్చాక యాంటీబయాటిక్స్ వాడకం దాదాపు కనుమరుగైంది, ఉత్పత్తి మాత్రం పెరుగుతూనే పోయింది.

మందు రాసే పశువైద్యుడికి ఆ మందు అమ్మకం మీద లాభం ఉండకూడదన్నది నా ప్రధానమైన అభ్యర్థన. డెన్మార్క్ 1995లో ఆ లాభానికి కళ్లెం వేసింది. దానితో పాటు, ఏ ఫారానికి ఏ మందు ఎంత అమ్ముడైందో ఏటేటా బహిరంగంగా ప్రకటించేలా ప్రభుత్వాలు నియమం తేవాలి.

భవదీయుడు,
ఒక పాఠకుడు