చెట్టు నీడకు సిమెంటు కాదు, భూచంపక

సంపాదకులకు,

గడ్డి బతకడం లేదని విశాఖ అపార్ట్‌మెంట్లలో మామిడి, కానుగ చెట్ల కింద సిమెంటు పలకలు పరిచేస్తున్నారు. ఆ నీడే భూచంపక అనే దుంప పూలమొక్కకు కావాలి. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన ఆకు ఎరువు ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు కలపండి. బీచ్ ఇసుక వద్దు, ఉప్పుకు వేళ్లు మాడిపోతాయి. జనవరి, ఫిబ్రవరిలో దుంపలను రెండంగుళాల లోతున, జానెడు దూరంలో నాటాలి.

మార్చి, ఏప్రిల్‌లో ఆకు లేకుండానే నేలలోంచి నేరుగా పువ్వు లేస్తుంది. తెల్లటి సన్నని రేకులు, వాటి కింద పెదవిలా ఉండే ఊదారంగు రేకు, కమ్మని వాసన. ఒక్కో పువ్వు ఒక్క రోజే నిలుస్తుంది, కానీ వెనకే ఇంకోటి వస్తుంది. పూత అయ్యాకే ఆకులు.

దుంపలు పోయేది ఎక్కువగా చలికాలంలోనే. ఆకు పండి వాలిపోగానే మొక్క చచ్చిపోతోందని రోజూ నీళ్లు పోస్తారు. నిద్రలో ఉన్న దుంప ఆ తడికి కుళ్లిపోతుంది. మొగ్గ నేల చీల్చేదాకా నీళ్లు ఆపేయాలి. మార్చిలో చెట్టు నుంచి రాలిన ఆకులను ఇనుప పంజాతో లాగితే మొగ్గలు తెగుతాయి. ఆ ఆకును తగలబెట్టకుండా అక్కడే పలచగా ఉండనివ్వండి.

దుంపల కోసం అనంతగిరి, పాడేరు అడవులు తవ్వవద్దు. నర్సరీల్లో అడగండి.

– ఒక పాఠకురాలు, విశాఖపట్నం