లోపలి గాలికి తొడిగిన సీసం

ఒరేయ్ రమణా,

"ఆ బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గోర్మ్లీ బొమ్మల్లో ఏముందిరా, కళ్లూ ముక్కూ కూడా సరిగ్గా ఉండవు" అని రాశావు. మొహం కోసం వెతికితే ఏమీ దొరకదు మరి. మనిషి ఎంత చోటు పట్టాడో అంత చోటుకి తొడుగు చేస్తాడాయన. లోపల మిగిలిన చీకటీ, గాలీ అసలు సరుకు.

కుర్రతనంలో, 1971 తర్వాత, మన దేశంలో తిరుగుతూ ధ్యాన గురువు గోయెంకా గారి దగ్గర విపశ్యన నేర్చుకున్నాడు. కళ్లు మూసుకుంటే తెలిసే ఒంటి లోపలి చీకటి మీద ఆయనకి గురి కుదిరింది అక్కడే. 1980–81లో చేసిన 'బెడ్' చూడు. 8,640 బ్రెడ్ ముక్కలు మైనంలో ముంచి పరుపులా పేర్చాడు. మధ్యలో మనిషి ఒంటి రెండు సగాల ఆకారంలో రెండు గుంటలు. ఆ గుంటల్లో ఉండాల్సిన రొట్టంతా తనే తిన్నాడు!

ఇక సీసం బొమ్మలు. ఒంటికి పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టి, దాని మీద పీఓపీలో (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) తడిపిన గోనెగుడ్డ వేస్తారు. మొదట్లో ఈ పని ఆయన భార్య, చిత్రకారిణి వికెన్ పార్సన్స్ చేసేది. శ్వాసకి దారి వదిలి, అది గట్టిపడేదాకా కదలకూడదు. గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీ దగ్గర పగులుతుంది. మోకాళ్లు బిర్రబిగిస్తే కళ్లు తిరిగి పడిపోతారు. తర్వాత కోసి తీసి, ముక్కలు కలిపి, ఫైబర్‌గ్లాస్‌తో గట్టిపరిచి, పైన సీసం రేకు సాగగొట్టి టంకం పెడతారు. సీసం 327 డిగ్రీలకి కరుగుతుంది, మామూలు టంకం 200కి అటూ ఇటూ. సెగ కాస్త ఎక్కువైతే రేకే కారిపోతుంది. అతుకులు కండరాల వెంట పోవు, అడ్డంగా నిలువుగా గీతల్లా ఉంటాయి. నాకు బాగా నచ్చేది అదే.

లివర్‌పూల్ దగ్గర క్రాస్బీ తీరంలో నిలబెట్టిన 'అనదర్ ప్లేస్' (1997లో చేసింది) మీద నాకు కాస్త పేచీ ఉంది. 17 అచ్చుల నుంచి తీసిన వంద పోత ఇనుము మనుషులు, ఒక్కోటి 650 కిలోలు. అలల్లో చూడ్డానికి గొప్పగానే ఉంటాయి. కానీ లోపలంతా ఇనుమే, ఇక ఖాళీ ఎక్కడ?

నువ్వు చేసి చూస్తానంటే ముందు మోచేతి దాకా ఒక్క చెయ్యి చాలు. లీటరు నీళ్లకి సుమారు కిలోన్నర పీఓపీ. పొడినే నీళ్లలో చల్లాలి, పొడిలో నీళ్లు పొయ్యకు, ఉండలు కడుతుంది. రోమాలకి వాజెలిన్ పట్టించు. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, మందంగా వేస్తే కాలుతుంది కూడా. అందుకే పల్చగా వెయ్యి, బకెట్‌లో చెయ్యి ముంచి మాత్రం ఉంచకు. మిగిలింది సింకులో పోశావో, ప్లంబర్‌ని పిలవాల్సిందే.

నీ
మురళి