పార్టింగ్ టూల్ ఇరగకుండా ఉండాలంటే

అన్నలూ, తమ్ముళ్లూ, హైదరాబాద్ బాలానగర్, జీడిమెట్ల లేత్ షాపుల్లో పార్టింగ్ బ్లేడ్లు (తిరిగే రాడ్‌ను కోసి ముక్క తెంపే సన్న బ్లేడ్లు) ఊరికే ఇరుగుతున్నాయి. ముందు బ్లేడు ఎంత బయటికి పెట్టారో చూడండి. 25 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) రాడ్‌కు 15 మి.మీ. చాలు. పొడుగు వదిలితే ఊగుతది, అరుపు మొదలైతది.

బ్లేడు జాబ్‌కు (కోసే రాడ్‌కు) నిక్కచ్చిగా 90 డిగ్రీల్లో ఉండాలె. కొంచెం వంకరున్నా గాడి గోడలకు రాసుకొని ఇరుక్కుంటది. మొన సెంటర్ ఎత్తులోనే, అంటే రాడ్ సరిగ్గా నడిమి ఎత్తులోనే ఉండాలె. పైకుంటే కోయదు, రుద్దుతది. కిందికుంటే జాబ్ టూల్ మీదికి ఎక్కుతది, చివర్ల బుడిపె మిగులుతది.

కోత చక్‌కు (రాడ్‌ను పట్టి తిప్పే భాగానికి) దగ్గర్లో పెట్టండి. క్యారేజ్ (టూల్‌ను రాడ్ పొడుగునా జరిపే భాగం) లాక్ చేయండి, క్రాస్ స్లైడ్ (టూల్‌ను రాడ్ లోపలికి నడిపే భాగం) గిబ్, అంటే దాని ఊగుడు ఆపే పట్టీ, వదులుంటే బిగించండి. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బ్లేడుకు ఈ రాడ్ మీద 200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర సరిపోతది.

ఫీడ్ (బ్లేడును లోపలికి నడపడం) మాత్రం భయపడి మధ్యల ఆపొద్దు. ఆపితే మొన రుద్దుకొని మొండివారుతది. స్టెయిన్‌లెస్ అయితే ఆ చోటు గట్టిపడి మళ్లీ కోతకు లొంగదు. ఎం.ఎస్.కు కటింగ్ ఆయిల్ తెగకుండా పోయండి, ఇత్తడికి అక్కర్లేదు. లోతు ఎక్కువైతే గాడిని పక్కకు ఒక మి.మీ. వెడల్పు చేసుకోండి, చిప్ (కోసిన లోహపు పొట్టు) బయటికొస్తది.

టెయిల్‌స్టాక్ సెంటర్ (రాడ్ రెండో కొసకు ఆనే మొన) ఆనించి పూర్తిగా తెంపొద్దు, ముక్క వంగి బ్లేడును నొక్కేస్తది. తెగి పడే ముక్కకు చెయ్యి అడ్డం పెట్టొద్దు.