చిక్కుడు ఇప్పుడే పూత పట్టింది

డల్లాస్,
సెప్టెంబర్ 14

తమ్ముడూ,

నువ్వూ మరదలూ పిల్లలూ బాగున్నారనుకుంటాను. మేమంతా బాగున్నాం. చిన్నోడికి ఆఫీసు పని, ఎప్పుడూ ఉండేదే.

నేను పడ్డానని కోడలు ఫోన్లో చెప్పిందట. పడలేదు. ఇక్కడి మన్ను మన ఎర్ర చెల్క కాదు, నల్లరేగడి. తడిస్తే చెప్పును వదలదు. కాలు జారి బీర పందిరి పట్టుకుని కూర్చున్నా, అంతే. మోకాలు వాచింది, తగ్గింది. 68 ఏళ్లకు ఈ తోటపని ఎందుకని నువ్వూ అంటే ఇంకెవరితో చెప్పుకోను? పొద్దంతా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ.

సోర పిందెలు మొదట్లో వేలెడంత అయి, పండుబారి రాలిపోయేవి. నీళ్లు ఎక్కువైనయేమో అనుకున్నా. సోరపువ్వు పొద్దుగూకే వేళ కదా విచ్చుకునేది, ఆ వేళకు ఇక్కడ ఒక్క పురుగూ వాలదు. ఇప్పుడు నేనే మగపువ్వు తెంపి, రెక్కలు వెనక్కి మడిచి, కింద పిందె ఉన్న పువ్వులో మెల్లగా అద్దుతున్నా. మనవరాలు టార్చి పడుతుంది. దోమలు కుట్టిన సంగతి వాళ్లమ్మకు చెప్పొద్దని మా ఒప్పందం. మొన్న మూరెడు కాయ కోశాం. సర్వపిండిలోకి తురిమినా సగం మిగిలింది.

చిక్కుడే ఏడిపించింది. ఆగస్టు దాకా అంతా ఆకే. కోడలు పీకేద్దామంది. ఎండాకాలం ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర దాకా వెలుతురుంటుంది, పొద్దు కురచైతే గాని చిక్కుడు పూయదని నేను మొండికేశాను. శనివారం ఊదారంగు పూత కనిపించింది! నవంబర్ నడిమికల్లా మంచు పడుతుంది, ఆలోపు కోసుకోవాలి.

అందుకే దసరాకు రాను, కోపం చేసుకోకు. బతుకమ్మకు బంతి పెంచాను. గునుగుకు బదులు ఎర్ర కుచ్చుల పువ్వేదో నర్సరీలో తెచ్చాం. తంగేడు మాత్రం లేదు.

డిసెంబర్‌లో వస్తా. పానగల్లు రోడ్డు ఇంటి బేరం అప్పటిదాకా ఎత్తకు. మీ బావ పెట్టిన బత్తాయికి నీళ్లు పోయించు, కిరాయివాళ్లు మర్చిపోతారు.

పుంటికూర గింజలు మళ్లీ పంపకు. సర్టిఫికెట్ లేని విత్తనాలు రానివ్వరట, పోయినసారివి తీసేసుకున్నారు.

ఫొటోలో నా చేతికి కట్టేమిటని అడిగావు. అది కట్టు కాదురా, తీగ కట్టడానికి చింపిన పాత చీర పేలిక.

మీ అక్క